ఇంటి మాటే బడి మాటకు తొలి మెట్టు

బట్టీ పట్టిన అర్థాలు నిలవవు - పనిలో, ఆటలో దొరికిన మాటలు మరపురావు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ:

పిల్లవాడు పాఠం గడగడ చదువుతాడు. ఎక్కడా తడబాటు ఉండదు. విన్న తండ్రి మురిసిపోతాడు. "ఇందులో ఏముందిరా?" అని అడిగితే మాత్రం నేల చూపులు చూస్తాడు. అక్షరాలు వచ్చాయి గాని మాటలు రాలేదు. ఊళ్లలో అనేక ఇళ్లలో కనిపించే సంగతే ఇది.

ఈ లోటు పరీక్షలో మార్కులతో పోయేది కాదు. తండ్రి పురుగుమందు డబ్బా తెచ్చి "దీని మీద ఏం రాశారో చదువు" అని కొడుకుకు ఇస్తాడు. కొడుకు "మోతాదు" అని చదువుతాడు. మోతాదు అంటే ఎంత కలపాలో చెప్పే కొలత అని తెలియకపోతే ఆ చదువు తండ్రికి ఏ మేలూ చేయదు. డబ్బా మీద ఎర్ర గుర్తు ఉంటే అది అన్నిటికన్నా ఎక్కువ విషమని, ఆ తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా విషం తగ్గుతుందని తెలియాలి. ఆసుపత్రి చీటీ, బ్యాంకు కాగితం, పట్టా పుస్తకం అన్నీ ఇంతే. చదివిన మాట అర్థమైతేనే చదువు అక్కరకు వస్తుంది.

లెక్కల్లో వెనుకబడే పిల్లల్లో కొందరికి అసలు బాధ లెక్కతో కాదు, మాటతోనే. 15లో నుంచి 8 తీసివేయమంటే చేస్తారు. "రామయ్య దగ్గర 15 బస్తాలు ఉన్నాయి, సోమయ్య దగ్గర 8 ఉన్నాయి, తేడా ఎంత?" అంటే ఆగిపోతారు. తేడా, మిగులు, కొరత, మొత్తం అనే నాలుగు మాటలు తెలిస్తే సగం లెక్క వచ్చినట్లే.

పదిసార్లు రాయిస్తే చాలా?

మన బడుల్లో మాటలు నేర్పే పాత పద్ధతి అందరికీ తెలిసిందే. పాఠం చివర కఠిన పదాలకు అర్థాలు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటి పదేసిసార్లు రాయాలి. మర్నాడు అప్పజెప్పాలి. అప్పజెప్పకుంటే గోడకుర్చీ. ఇలా నేర్చుకున్న "తరువు అంటే చెట్టు" అనే మాటను పిల్లవాడు ఆ తరువాత ఎన్నడూ నోట పలకడు. వాడని మాట తుప్పు పట్టిన కొడవలి వంటిది.

జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ అనే శాస్త్రవేత్త మరపు గురించి తనమీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రకటించాడు. అర్థం లేని అక్షరాల గుంపులను బట్టీ పట్టి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో లెక్క వేశాడు. నేర్చిన కొద్ది గంటల్లోనే చాలా భాగం జారిపోతుందని, ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ తలచుకుంటే నిలుస్తుందని తేల్చాడు. ఒకే రోజు పదిసార్లు రాయించేకన్నా ఈ రోజు, రేపు, వారానికి, నెలకు ఒక్కొక్కసారి అడగడం మేలన్నమాట.

కాలువ నేర్పిన ఇంగ్లీషు

మాట ఎలా వంటబడుతుందో చూడాలంటే సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు పోవాలి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. నీటితోపాటు కొత్త మాటలు కూడా పారాయి. మేజరు, మైనరు, లస్కరు, గేటు అనే మాటలు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల రైతుల నోళ్లలో నాటుకున్నాయి. ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాని ముసలి రైతు కూడా "మైనరుకు నీళ్లు రాలేదు" అంటాడు. ఈ మాటలను ఆయనకు ఎవరూ పలక మీద రాయించలేదు. తన మడికి నీరు రావడం, రాకపోవడం ఆ మాటతో ముడిపడి ఉంది గనుక నేర్చుకున్నాడు.

నిజాం కాలంలో వచ్చిన పట్టా, పహాణీ, జమాబందీ వంటి మాటలూ అంతే. భూమితో ముడిపడిన మాటలు గనుక నిజాం పాలన 1948లో ముగిసినా అవి పోలేదు. పనితో, అవసరంతో, కంటికి కనిపించే వస్తువుతో కలిసి వచ్చిన మాట ఉండిపోతుంది. చిన్నపిల్లలకు మాటలు నేర్పే ఉపాధ్యాయులు పట్టుకోవలసిన సూత్రం ఇదే.

మూడు మెట్లు

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి 1 నుంచి 8 వరకు తరగతుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ముద్రించారు. అదే 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి 'తొలిమెట్టు' కార్యక్రమం ప్రారంభించారు. ఇప్పుడు పల్లెటూరి పిల్లవాడి ముందు మూడు రకాల మాటలు ఉన్నాయి. ఒకటి ఇంట్లో మాట. రెండోది పుస్తకంలోని తెలుగు మాట. మూడోది ఇంగ్లీషు మాట. మొదటి మెట్టు ఎక్కకుండా మూడో మెట్టుకు దూకమంటే కాలు విరుగుతుంది.

'తేమ' అనే మాట తీసుకుందాం. వరి కోతల కాలంలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. ధాన్యంలో తేమ 17 శాతం మించరాదన్నది కొనుగోలు నిబంధన. "తేమ అంటే ఏమిటి?" అని అడిగితే రైతు బిడ్డ అర్థం చెప్పలేకపోవచ్చు. కాని "తేమ ఉన్నదని మా వడ్లు కాంట పెట్టలే సారూ, మళ్లా ఎండబోసినం" అని చెప్పగలడు. అర్థం వాడి దగ్గరే ఉంది. అక్కడి నుంచి పుస్తకంలోని 'ఆర్ద్రత' అన్న మాటకు, అక్కడి నుంచి 'మాయిశ్చర్' అన్న మాటకు తీసుకుపోవడం ఒక్క పూట పని.

నారు పోసే ముందు వడ్లు నానబెట్టి మండె కడతారు. మొలక వస్తుంది. పుస్తకంలో దీన్ని అంకురోత్పత్తి అంటారు. ఇంగ్లీషులో జెర్మినేషన్. గిన్నెలో నీళ్లు పొయ్యి మీద ఆవిరై పోవడం ఇంట్లో రోజూ చూసేదే. పుస్తకం దాన్ని బాష్పీభవనం అంటుంది. ఇంటి మాటను వెక్కిరించి పక్కకు నెట్టకుండా దాని మీద కాలు పెట్టి పైకెక్కించగలిగితే పెద్ద మాట కూడా పిల్లవానికి బరువు అనిపించదు.

సూర్యాపేట: మార్కెట్టులో మాటలు

సూర్యాపేట వ్యవసాయ మార్కెట్టుకు పంట వచ్చే రోజుల్లో అక్కడ ఒక గంట నిలబడితే చాలు, నోటు పుస్తకం నిండేన్ని మాటలు దొరుకుతాయి. కాంటా, తూకం, తరుగు, తాలు, రాశి, బస్తా, హమాలీ, దడువాయి, ఖరీదుదారు, తక్‌పట్టీ. తరగతి పిల్లలను ఒక పూట తీసుకుపోయి, ఒక్కొక్కరు ఐదు మాటలు విని రమ్మని చెప్పవచ్చు. మర్నాడు ఆ మాటలను నల్లబల్ల మీద రాసి, మనుషుల పేర్లు ఏవి, వస్తువుల పేర్లు ఏవి, పనుల పేర్లు ఏవి అని విడదీయించాలి. వ్యాకరణంలోని నామవాచకం, క్రియ అలా వాటంతటవే వస్తాయి.

తీసుకుపోవడం వీలుకాకపోతే పిల్లలే బడిలో మార్కెట్టు పెట్టవచ్చు. ఒకడు రైతు, ఒకడు హమాలీ, ఒకతె ఖరీదుదారు. చింతగింజలే ధాన్యం. ఈ ఆటలో ఎంత సిగ్గుపడే పిల్ల అయినా నోరు విప్పక తప్పదు.

సూర్యాపేటకు చేరువలోని పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు ఆలయాలు ఉన్నాయి. స్తంభం, శాసనం, శిల్పం, ద్వారం అనే మాటలను పుస్తకంలో బొమ్మలు చూపి చెప్పేకన్నా అక్కడ రాతి మీద చెయ్యి వేయించి చెబితే జన్మలో మరువరు.

కోదాడ: ఒక వస్తువు, రెండు పేర్లు

కోదాడ హైదరాబాద్-విజయవాడ రహదారి మీద ఉంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన నాటి నుంచి ఇది రాష్ట్ర సరిహద్దు పట్టణం. ఇక్కడి పిల్లల చెవిన రెండు వైపుల మాటలూ పడతాయి. ఒక ఇంట్లో అంగి, పక్కింట్లో చొక్కా. ఒకరికి నల్లా, ఒకరికి కుళాయి. మక్కజొన్న, మొక్కజొన్న. పల్లికాయ, వేరుశనగ. దవాఖాన, ఆసుపత్రి.

వీటిలో ఏది తప్పు, ఏది ఒప్పు అనే పంచాయితీ తరగతి గదిలో అక్కరలేదు. ఒక వస్తువు బొమ్మ గీసి దానికింద దొరికిన పేర్లన్నీ రాయిస్తే అది పిల్లలు తయారు చేసిన నిఘంటువు అవుతుంది. పెద్ద పండితులు చేసిన పని కూడా ఇదే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం 1962లో వెలువడింది. రైతుల నోటి నుంచి ప్రాంతం ప్రాంతంగా సేకరించిన మాటలే అందులో ఉన్నాయి. తరువాత 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. నాగలి, కాడి, మేడి, కర్రు, పగ్గం అనే మాటలు చెప్పిన రైతులు బడికి పోయారా లేదా అని ఎవరూ చూడలేదు. మాట తెలిసినవాడే పండితుడు.

ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చిన తరువాత ఈ మాటల్లో అనేకం కొత్త తరానికి తెలియకుండా పోతున్నాయి. గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం ఎంతెంతో అడిగితే చెప్పగలిగినవారు ఊరికి కొందరే మిగిలారు. "మీ నాయనమ్మను అడిగి రండి, మానికకు ఎన్ని సోలలు?" అని ఇంటిపని ఇస్తే పిల్లవానికి మాట, లెక్క రెండూ వస్తాయి. ముసలమ్మకు మనుమనితో మాట్లాడే పని దొరుకుతుంది.

మిర్యాలగూడ: మిల్లు, తండా

మిర్యాలగూడ అంటే బియ్యం మిల్లులు. వడ్లు లోపలికి పోతే బియ్యం, నూకలు, తవుడు, ఊక వేరువేరుగా బయటికి వస్తాయి. పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం వేరు. ఈ ఆరు వస్తువులను ఆరు చిన్న పొట్లాలుగా కట్టి తెస్తే ఒక పాఠం సిద్ధం. కళ్లు మూసుకుని తడిమి ఏది ఏదో చెప్పాలి. గరుకు, నునుపు, మెత్తన, బరువు, తేలిక అనే గుణాల పేర్లు కూడా అక్కడే వస్తాయి. పై తరగతి వారికి లెక్క కూడా చెప్పవచ్చు. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం అన్నది ప్రభుత్వ లెక్క. మరి మిగిలిన 33 కిలోలు ఏమయ్యాయి?

దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర మూసీ నది కృష్ణలో కలుస్తుంది. 'సంగమం' అనే మాటకు అంతకన్నా మంచి బొమ్మ ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఈ ప్రాంతంలో లంబాడా తండాలు ఎక్కువ. తండా పిల్ల ఇంట్లో అమ్మను యాడి అంటుంది. నీళ్లు పాణి, రొట్టె బాటి. ఆ పిల్లకు పుస్తకం తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడో భాష. మొదటి రోజునే తెలుగు రాదని కసురుకుంటే ఆ పిల్ల నోరు మూసుకుంటుంది. మూసిన నోరు తెరిపించడం కష్టం. ఆ పిల్ల చెప్పిన మాటను ముందు తెలుగు అక్షరాల్లో నల్లబల్ల మీద రాసి, పక్కన తెలుగు మాట, ఆ పక్కన ఇంగ్లీషు మాట రాస్తే తన భాషకూ బడిలో చోటుందని ధైర్యం వస్తుంది. మిగతా పిల్లలు కూడా నాలుగు కొత్త మాటలు నేర్చుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ఈ దారిలోనే చదువు మొదలుపెట్టారు. వాటిలో లంబాడా భాష కూడా ఒకటి.

పిల్లవాడు కోరిన మాట

న్యూజిలాండ్ దేశంలో సిల్వియా ఆష్టన్ వార్నర్ అనే ఉపాధ్యాయురాలు మావోరీ తెగ పిల్లలకు చదువు చెప్పేది. ఇంగ్లండు పిల్లల కోసం రాసిన పుస్తకాలు ఆ పిల్లలకు తలకెక్కలేదు. ఆమె ఒక్కొక్కరినీ దగ్గరకు పిలిచి "నీకు ఏ మాట కావాలి?" అని అడిగేది. వాళ్లు చెప్పిన మాటను అట్టముక్క మీద రాసి ఇచ్చేది. వాళ్లు భయపడే మాటలు, ఇష్టపడే మాటలు ఒక్కసారికే వచ్చేసేవి. మర్నాడు గుర్తుపట్టలేని మాట ఉంటే అది ఆ పిల్లవాడి మాట కాదని పక్కన పడేసేది. ఈ అనుభవాలతో ఆమె రాసిన 'టీచర్' అనే పుస్తకం 1963లో వెలువడింది.

మన దేశంలో గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా వకీలు వృత్తి వదిలి పిల్లల చదువుకు అంకితమయ్యాడు. కథలు చెప్పి, ఆటలు ఆడించి పాఠాలు నేర్పాడు. అక్కడి వారు ఆయనను 'మీసాలున్న అమ్మ' అని పిలుచుకున్నారు. మన పంతుళ్లకు ఇంతకన్నా గొప్ప బిరుదు ఏముంటుంది?

ఖర్చులేని ఆటలు

పెద్ద సామగ్రి ఏదీ లేకుండా ప్రతి బడిలో ఆడించగల ఆటలు అనేకం ఉన్నాయి. పాత పెళ్లి పత్రికల వెనుక తెల్ల భాగం మాటల అట్టలకు బాగా పనికివస్తుంది.

తుంపర, చినుకులు, జల్లు, వాన, కుండపోత అని ఐదు అట్టలు రాసి ఐదుగురికి ఇవ్వాలి. చిన్న వాన నుంచి పెద్ద వాన వరకు వరుసగా నిలబడమనాలి. తుంపర ముందా, చినుకు ముందా అని పిల్లలు తగాదా పడతారు. ఆ తగాదాలోనే మాట అర్థమవుతుంది. చల్లన, గోరువెచ్చన, వేడి, కాగడం, మరగడం కూడా ఇలాగే.

తొక్కుడుబిళ్ల గళ్లలో ఒక్కొక్క మాట రాయాలి. బిళ్ల పడిన గడిలోని మాటతో ఒక వాక్యం చెబితేనే దూకాలి. వంగు, నక్కు, పాకు, తడుము, తొంగిచూడు వంటి మాటలను సారు చెప్పగానే పిల్లలు చేసి చూపాలి. చేసి చూపిన మాటకు అర్థం వేరే రాయనక్కరలేదు.

ఒక మాట చుట్టూ చెట్టు కట్టించవచ్చు. నీరు అనే మాట రాసి కొమ్మలు వేయమంటే కన్నీరు, పన్నీరు, మున్నీరు, నీటిపారుదల, ఊరి చెరువు నీళ్లు చూసే నీరటి వస్తాయి. ఎవరో ఒకరు 'నీరసం' కూడా చెబుతారు. అది ఈ చెట్టు కొమ్మ కాదని, రసం లేనిది నీరసమని అప్పుడు చెప్పవచ్చు. తప్పు చెప్పిన పిల్లవాడి వల్లనే తరగతి అంతటికీ ఒక కొత్త సంగతి తెలిసింది గనుక వాడిని మెచ్చుకోవాలి.

పిల్లల చేతనే పొడుపుకథలు కట్టించాలి. "వడ్లు మింగుతాను, బియ్యం కక్కుతాను, ఊక ఊదుతాను, నేనెవరు?" అని ఒకరు అడిగితే "మిల్లు!" అని తరగతంతా అరుస్తుంది. వస్తువు గుణం తెలిస్తే గాని పొడుపుకథ కట్టలేరు.

రోజుకు ఇరవై మాటలు కుమ్మరించవద్దు. నాలుగైదు చాలు. వాటిని తరగతి మూల ఒక సంచిలో వేసి, వారం చివర తీసి అడగాలి. వచ్చిన మాట గోడకెక్కుతుంది, రానిది తిరిగి సంచిలో పడుతుంది. ఒకే పంతులు రెండు మూడు తరగతులను కూర్చోబెట్టి చెప్పుకోవలసిన చిన్న బడుల్లో ఈ సంచిని పెద్ద తరగతి పిల్లలకు అప్పగిస్తే వాళ్లే చిన్నవాళ్లను అడుగుతారు.

తల్లిదండ్రుల చేతిలోనూ ఉంది

"మాకు చదువు రాదు, మేమేం నేర్పుతాం?" అని చాలామంది తల్లులు అంటారు. ఇది సరికాదు. చదువు రాని తల్లి దగ్గర కూడా వందల మాటలు ఉన్నాయి. కూర తరుగుతూ, పొలంలో కలుపు తీస్తూ, బర్రెను పిండుతూ పిల్లతో మాట్లాడితే చాలు. ఇది ఏమి గడ్డి, ఇది ఏ పురుగు, పొదుగు అంటే ఏమిటి, పరిగె అంటే ఏమిటి అని చెబుతుంటే ఆ పిల్ల బడికి నిండు సంచితో పోతుంది. అన్నం తినే వేళ సెల్‌ఫోను చేతికిచ్చి నోరు మూయిస్తే ఆ సంచి ఖాళీగానే ఉంటుంది.

ఇంగ్లీషు బడి వ్యానెక్కించిన తల్లిదండ్రులు ఇంకో సంగతి గమనించాలి. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు రాదన్న భయం అనవసరం. తేమ అంటే తెలిసిన పిల్లవానికి మాయిశ్చర్ ఒక పూటలో వస్తుంది. ఏ భాషలోనూ ఆ సంగతి తెలియని పిల్లవానికి మాయిశ్చర్ అనేది ఒక శబ్దం మాత్రమే.

ప్రభుత్వ బడుల మరమ్మతులు, వసతుల కోసం 2024లో మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. గోడలు, నల్లాలు చూసుకునే ఆ తల్లులను నెలకొకసారి తరగతి గదిలోకి కూడా పిలవవచ్చు. ఒకనాడు కుమ్మరి తాత, ఒకనాడు నేత పనివారు, ఒకనాడు నాట్లేసే అమ్మలు వచ్చి తమ పనిముట్ల పేర్లు చెబితే, పిల్లలు రాసుకుంటే, ఏడాది తిరిగేసరికి ఆ ఊరి మాటలన్నీ ఒక పుస్తకమవుతాయి. దానికి గ్రాంటు అక్కరలేదు, ఉత్తర్వు అక్కరలేదు. ప్రధానోపాధ్యాయులు తలపెట్టి, ఊరి పెద్దలు తోడు నిలిస్తే వచ్చే సోమవారమే మొదలుపెట్టవచ్చు.